బాల్యం లేని ఎలుకలు

తూర్పున ధూమగిరి శిఖరాల మీద మంచు విడుతోంది. పచ్చలు పరిచినట్టున్న వెదురు వనాల మీదుగా లేత ఎండ జారి, లోయ అడుగున పారుతున్న నీలవాహిని మీద పడి వేయి అద్దాలై మెరుస్తోంది. కొండచరియల్లో నెమళ్లు పురివిప్పి ఆరబెట్టుకుంటున్నాయి. అంత అందమైన ఉదయాన, ఆ వనంలో ఇద్దరు మనుషులు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుతున్నారు. వాళ్ల వెనుక ఒక ఆడ ఏనుగు, దారిలోని వెదుళ్లను గడ్డిపోచల్లా విరుచుకుంటూ తరుముకొస్తోంది.

ముందు పరుగెత్తుతున్నవాడు శాలివన రాజ్యపు యువరాజు ప్రసేనుడు. అతని వెనుక ఉన్నది ఆ రాజ్యపు విలుకాండ్ర దళానికి నాయకురాలు ఇందుమాల. అయితే ఆ సమయంలో చూసినవాళ్లెవరూ వాళ్లను గుర్తుపట్టలేరు. ఇద్దరి ఒంటి మీదా పక్షులు పట్టుకుని బతికేవాళ్ల మాసిన బట్టలున్నాయి. ఇందుమాల భుజానికి ఒక వెదురు పంజరం వేలాడుతోంది. అందులో ఒక గుడ్లగూబ కళ్లు మూసుకుని, కుదుపులకు అటూ ఇటూ పొర్లుతోంది.

"యువరాజా! ఆ బండ ఎక్కండి!" అని అరిచింది ఇందుమాల.

ఇద్దరూ బండ మీదికి ఎగబాకారు. ఏనుగు కిందిదాకా వచ్చి, తొండమెత్తి ఘీంకరించి, ఉన్నట్టుండి వెనుదిరిగి వచ్చిన దారినే పరుగుతీసింది. కొద్ది దూరం వెళ్లి ఒకచోట ఆగి, నేల వాసన చూస్తూ గిరగిరా తిరగసాగింది.

"అది మనల్ని తరమలేదు, అక్కణ్నుంచి దూరంగా నెట్టింది," అన్నాడు ప్రసేనుడు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ. "అక్కడేదో గొయ్యి ఉంది. పిల్ల పడిపోయినట్టుంది."

అతని ఊహ నిజమే. ఎప్పుడో వేటగాళ్లు తవ్వి వదిలేసిన గోతిలో ఒక గున్న ఏనుగు మెడదాకా బురదలో కూరుకుపోయి ఉంది. చుట్టూ మందంతా నిలబడి చూస్తోంది. ఎవరు దగ్గరికొచ్చినా తల్లి చంపేలా ఉంది.

ఇందుమాల పంజరం దించి, చేతికందిన రాళ్లు ఏరుకుని చెట్ల చాటున అవతలికి పోయింది. అక్కణ్నుంచి గట్టిగా కేకలు వేస్తూ రాళ్లు విసరడం మొదలుపెట్టేసరికి తల్లి ఏనుగు అటు తిరిగింది. ఆ సందులో ప్రసేనుడు బండ దిగి, విరిగి పడ్డ వెదురు బొంగులను ఒక్కొక్కటే ఈడ్చుకెళ్లి గోతిలో ఒకవైపు పడేశాడు. గున్న ముందుకాళ్లకు పట్టు దొరికింది. జారింది, మళ్లీ ఎక్కింది. చివరికి ప్రసేనుడు గోతిలోకి దూకి భుజంతో దాని వెనుక భాగాన్ని ఎత్తి తోశాడు. గున్న గట్టెక్కిన మరుక్షణం తల్లి తిరిగివచ్చింది. ప్రసేనుడు గోతి గోడకు అతుక్కుపోయి ఊపిరి బిగబట్టాడు. ఏనుగు అతని వంక ఒకసారి చూసి, తొండంతో పిల్లను తన కాళ్ల మధ్యకు లాక్కుని కదిలిపోయింది. మంద మొత్తం దాని వెనుకే నడిచింది.

"అంత పెద్ద మందలో అదొక్కటే పిల్ల. చూశారా?" అంది ఇందుమాల, యువరాజును చెయ్యిచ్చి పైకి లాగుతూ.

"చూశాను. ఏనుగు ఈడుకు రావడానికి మన ఇళ్లలో ఆడపిల్ల ఎదిగినంత కాలం పడుతుంది. ఆ తర్వాత రెండేళ్లు కడుపున మోస్తుంది. కనేది ఒక్కదాన్ని. దాన్ని సాకి, పాలు మాన్పించాకగానీ మళ్లీ కడుపు పండదు. ఈ ఒక్క పిల్లా పోతే మందకు అంత త్వరగా ఇంకోటి రాదు."

"మన ఎలుకలేమో ఎన్నిటిని చంపినా మళ్లీ అన్నీ ఉంటున్నాయి."

వాళ్లు ఇంత దూరం వచ్చింది ఆ సంగతి తేల్చుకోవడానికే.

కిందటి వేసవిలో ధూమగిరి వైపు నుంచి ఎర్రతోక ఎలుకలు శాలివన రాజ్యంలోకి దిగాయి. చూడటానికి మామూలు ఎలుకల్లాగే ఉంటాయి. తోక మాత్రం నిప్పులో కాల్చిన ఇనుపకడ్డీలా ఎర్రగా ఉంటుంది. సేనాపతి రణభేరుండుడు సైన్యాన్ని పొలాల మీదికి పంపాడు. సైనికులు పగలంతా కొట్టి చంపిన ఎలుకలు ఊరి బయట గుట్టలుగా పడేవి. రోజులు గడిచేకొద్దీ గుట్టలు పెరిగాయిగానీ ఎలుకలు తగ్గలేదు. ధూమకర్ణుడనే మాంత్రికుడు ఆ కొండ మీద ఉన్నాడనీ, శాలివనంలోని గుడ్లగూబలనూ, జెర్రిపోతులనూ, ముంగిసలనూ వేటగాళ్ల చేత పట్టి తెప్పించుకుంటున్నాడనీ వేగులు వార్త తెచ్చారు. రాజుగారు సేనాపతి సలహా మీద పంట ధాన్యమంతా, విత్తనాలతో సహా, రాజధాని కలమాపురిలోని రాతికోటలోకి చేర్పించారు. ప్రసేనుడు ఇందుమాలను తోడు తీసుకుని, మారువేషంలో కొండ దారి పట్టాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇద్దరూ మాంత్రికుడి గుహ ముందు నిలబడ్డారు.

గుహద్వారం తెరుచుకున్న మొసలి నోరులా ఉంది. దాని ముందు ఒక బండ మీద కూర్చుని, ఒంటికన్ను ద్వారపాలకుడు ఉల్లిపాయ నంజుకుంటూ సద్దన్నం తింటున్నాడు. అతని పేరు జంగుడు.

"ఏం తెచ్చావే పిల్లా?" అన్నాడు నోరు ఖాళీ చేసుకోకుండానే.

"గూబని తెచ్చాం సామీ," అంది ఇందుమాల. "మా ఆయన చెట్టెక్కి పట్టాడు."

"ఈడేం పలకడే?"

"మూగోడు సామీ. చెవులు మాత్రం బాగా వినబడతాయి."

ఆ మాట దారిలోనే అనుకున్నది. యువరాజు ఎంత ప్రయత్నించినా అతని నోట వేటగాడి మాట పలకలేదు. నాలుగు మాటలాడితే చాలు, రాజనగరు యాస బయటపడిపోయేది. అందుకని నోరు మూసుకుని ఉండటమే మేలని ఇందుమాల తేల్చేసింది.

జంగుడు చెయ్యి కడుక్కుని లేచాడు. "పదండి. మా దొరని చూసి నవ్వకండి. నవ్వినోళ్లని బూడిద చేశాడు. మొన్నమొన్నటిదాకా బొడ్డు దాకా గడ్డం ఉండేది ఆయనకి. ఇప్పుడు పాలపళ్లు ఊడుతున్నాయి. అన్నం కూడా నేనే కలిపి పెడుతున్నా."

వాళ్లిద్దరికీ ఆ మాట అర్థం కాలేదు. లోపలికి నడిచారు.

గుహ లోపల ఒక సభామంటపమంత చోటు ఉంది. కప్పు నుంచి వేలాడుతున్న స్ఫటికాల్లో దివిటీల వెలుగు విరిగి, ఏడు రంగులుగా నేల మీద చెదిరి ఉంది. గోడల నిండా పంజరాలు. ఒక్కోదానిలో రెండేసి మూడేసి గుడ్లగూబలో, ముంగిసలో కుక్కి ఉన్నాయి. కింద వరుసలో మూతలు కట్టిన కుండల్లోంచి పాముల బుసలు వినిపిస్తున్నాయి. నేలలో పెద్ద పెద్ద గోతులు. ఆ గోతుల నిండా ఎర్రతోకలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ప్రతి గోతి చుట్టూ పసుపుతో గీసిన గీత ఉంది. ఎలుకలు గట్టుదాకా ఎగబాకి, గీత తగలగానే వెనక్కు పడుతున్నాయి. నడిమధ్యన, రెండు లావుపాటి ఇనుప గొలుసులతో కప్పుకు వేలాడదీసిన నల్లరాతి ఊయల.

ఊయల పక్కన ఒక కుర్రవాడు బొంగరం తిప్పుకుంటున్నాడు. ఎనిమిదేళ్లుంటాయేమో. చెవి తమ్మెలు మాత్రం బరువు కుండలాలకు సాగి భుజాల దాకా వేలాడుతున్నాయి.

"ఇటు తీసుకురా," అన్నాడు. ఆ గొంతు నూరేళ్ల ముసలివాడిది.

అతనే ధూమకర్ణుడు.

ఇందుమాల పంజరం అందించింది. మాంత్రికుడు గుడ్లగూబను తల కిందులుగా పట్టుకుని చూసి, జంగుడి చేతిలో పెట్టాడు. "మీ వైపు ఇంకా ఉన్నాయా?"

"ఇదే ఆఖరిది సామీ. దీని గూట్లో గుడ్లుంటే అవి కూడా అడవిపిల్లి తినేసింది."

"మంచిది. ఏడాదికోసారి నాలుగు గుడ్లు పెట్టే జాతి. ఒకసారి తుడిచేస్తే మళ్లీ కోలుకునేసరికి మీ మనవలు పుడతారు," అని మాంత్రికుడు బొంగరం మొలలో దోపుకున్నాడు. తర్వాత ప్రసేనుణ్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీ మొగుడి చేతులు గట్టివేనా?"

"ఒంటి చేత్తో చెట్టు కొడతాడు సామీ."

"అయితే వాడితో నాకు పనుంది. జంగుడికి ధైర్యం చాలడం లేదు."

ధూమకర్ణుడు వాళ్లను ఊయల దగ్గరికి పిలిచాడు. అక్కడ ఒక రాతి పళ్లెంలో, అప్పుడే ఈనిన ఎర్రతోక ఎలుక పడుకుని ఉంది. దాని పొట్టకు కూనలు అతుక్కుని ఉన్నాయి.

"చూస్తూ ఉండండి," అన్నాడు.

వాళ్ల కళ్ల ముందే గులాబి రంగు కూనల ఒంటి మీద నూగు మొలిచింది. నూగు బొచ్చయింది. మూసుకున్న కళ్ల మీది పొర చీలింది. ఒక కూన తల్లిని వదిలి సొంతంగా పాకసాగింది.

ఇందుమాల ఒక అడుగు వెనక్కు వేసింది. "ఇదేం చిత్రం సామీ?"

"నేను వీటికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి తీసుకున్నానంతే," అన్నాడు మాంత్రికుడు. చాలాకాలంగా ఎవరితోనూ మాట్లాడనివాడికి శ్రోతలు దొరికినట్టుంది అతని వాలకం. "మాంత్రికులు నాకంటే ముందు ఎందరో ప్రయత్నించారు. ఎలుక ఒక్కసారికి నూరు పిల్లల్ని కనాలని యాగాలు చేశారు. తల్లులు పొట్టలు పగిలి చచ్చాయి, పనికాలేదు. నా ఎలుకలు ఎప్పటిలాగే ఏడో ఎనిమిదో కంటాయి, ఎప్పటిలాగే మూడు వారాలు మోస్తాయి. నేను తీసేసింది బాల్యాన్ని. పొద్దున పుట్టిన కూన సాయంత్రానికి ఈడుకొస్తుంది. తల్లి రెండోసారి ఈనే వేళకు దాని కూతుళ్లు కూడా ఈనుతుంటాయి. ఇక లెక్క నువ్వే వేసుకో."

"మరి ఆ బాల్యం ఏమవుతుంది సామీ?"

"ఈ ఊయలలోకి వస్తుంది. ఊయలలో పడుకునే నాకు వస్తుంది. నూరేళ్ల ముసలితనం వదిలించుకున్నాను. కానీ..." మాంత్రికుడు పెదవి కొరుక్కున్నాడు. ముందు పన్ను ఒకటి కదులుతోంది. "అనుకున్నదానికంటే ఎక్కువ వస్తోంది. ముప్పై ఏళ్ల వయసు దగ్గర ఆపుదామనుకున్నాను. ఆగలేదు. ఊయలకు దూరంగా పడుకున్నా ఆగడం లేదు. కట్టినవాడి చేతికి ఈ గొలుసు తెగదు. ఇదుగో గొడ్డలి. నీ మొగుడు ఒక గొలుసు తెంచాలి. ఒక్కటే. సగం ధార తగ్గితే నాకు సరిపోతుంది. రెండోది తాకాడో, మీ ఇద్దరి ఎముకలూ ఈ గోతుల్లో దొరకవు."

ప్రసేనుడి చేతికి గొడ్డలి వచ్చింది. అతను తల వంచి ఊయల దగ్గరికి నడిచాడు. రెండు గొలుసుల మీదా రెండు వేట్లు పడితే చాలు, వచ్చిన పని అయిపోతుంది. ఇందుమాల మెల్లగా మాంత్రికుడి వెనక్కు జరిగింది.

"అంత ఎక్కువ ఎందుకొచ్చింది సామీ? శాలివనంలో సైనికులు రోజూ చంపుతున్నారుగా?" అంది, అతని దృష్టి మళ్లించడానికి.

ధూమకర్ణుడు పగలబడి నవ్వాడు. "ఆ సేనాపతికి నేను గుడి కట్టించాలి! పొలాల్లో తిరిగి దొరికేవి ఎక్కువ మగవి. ఈనేవి కలుగుల్లో ఉంటాయి. నూరు ఆడవాటికి ఒక మగది మిగిలినా చాలు. వాడు సగం చంపితే మిగిలిన సగానికీ తిండి రెట్టింపు అయింది. కడుపు నిండిన ఎలుక ఎక్కువ కంటుంది, కన్నవన్నీ బతుకుతాయి. అది చాలదన్నట్టు రాజ్యంలోని గింజలన్నీ ఏరి ఒక్క కోటలో పోసి పెట్టాడు. వెతుక్కునే శ్రమ కూడా తప్పించాడు. నిన్న పొద్దున నా వాళ్లు ఆ కోట పునాది కింద తవ్వడం పూర్తిచేశారు."

"విత్తనాల కోటలోకి దూరాయా!"

ఆ మాట ప్రసేనుడి నోట వచ్చేసింది. విత్తనం పోతే వచ్చే ఏడు రాజ్యంలో నాటడానికి ఒక్క గింజ ఉండదని అతనికి తెలుసు.

మాంత్రికుడు తాపీగా తల తిప్పాడు.

"మూగవాడికి మాట వచ్చిందే! అదీ కలమాపురి రాజనగరు మాట!"

అతను గుప్పెడు బూడిద తీసి విసిరాడు. బూడిద గాలిలోనే పొగతాళ్లుగా మారి ఇందుమాల మెడకూ, ప్రసేనుడి చేతులకూ చుట్టుకుంది. గొడ్డలి కిందపడింది. ఇందుమాల మోకాళ్ల మీద కూలింది. తాళ్లు బిగుస్తున్నాయి. ఆమె మొహం కందిపోయింది. జంగుడు భయంతో గోడకు ఆనుకుపోయాడు.

"గొలుసు తెంచడానికి ఇంకో వేటగాడు దొరుకుతాడు," అంటూ మాంత్రికుడు రెండో గుప్పెడు బూడిద అందుకున్నాడు.

అంతలో ఊయల తనంతట తానే ఊగింది.

ఎవరూ ముట్టుకోలేదు. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, చివరికి గొలుసులు కీచుమనేంత జోరుగా ఊగసాగింది. ధూమకర్ణుడి చేతిలోని బూడిద జారిపోయింది. "ఇప్పుడే వద్దు," అన్నాడు. అక్కడ కలమాపురి రాతికోటలో కడుపారా తిన్న ఎలుకలు ఈనడం మొదలుపెట్టాయి. వందలు కాదు, వేలు కాదు. ఆ కూనలన్నిటి బాల్యం ఒక్కసారిగా కొండ మీదికి ఉరికి వచ్చింది.

చూస్తుండగానే మాంత్రికుడి పొడుగు తగ్గింది. పంచె జారిపోయింది. అతను మంత్రం ఎత్తుకున్నాడు. కానీ ముందుపళ్లు లేని నోట, ముద్దమాటల్లో, మంత్రంలోని రకారం లకారమై పలికింది. పొగతాళ్లు సడలి, మామూలు బూడిదై నేల మీద రాలాయి.

ఇందుమాల దగ్గుతూ లేచింది. ఏదో కనిపించని చెయ్యి మాంత్రికుణ్ని ఈడ్చి ఊయలలో పడేసింది. మూడేళ్ల పిల్లవాడు ఊయల అంచు పట్టుకుని ఏడుస్తున్నాడు.

"తెంచు! లెండూ తెంచు!"

ప్రసేనుడు గొడ్డలి అందుకున్నాడు. ఇందుమాల అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగండి యువరాజా. ఇంకాసేపు ఊగనివ్వండి. వీడే మిగలకుండా పోతాడు. అప్పుడు తెంచుదాం."

"ఇది ఊగినంతసేపూ అక్కడ ప్రతి కూనా సాయంత్రానికి ఈడుకొస్తుంది. వీడి కోసం ఆగితే కలమాపురి పోతుంది."

"వీడు నా గొంతు పిసికాడు!"

"తెలుసు. చెయ్యి వదులు."

ఆమె వదిలింది. ప్రసేనుడి మొదటి వేటుకు గొలుసు తెగి పాములా నేల మీద కొట్టుకుంది. ఊయల ఒకవైపుకు ఒరిగింది. రెండో గొలుసు మీద వేటు పడగానే గొడ్డలి అంచు ముక్కలైంది. గొలుసుకు గీత కూడా పడలేదు. ఇందుమాల పరుగున వచ్చి ఎగిరి ఆ గొలుసు పట్టుకుని తన బరువంతా వేసింది. ప్రసేనుడు కప్పు నుంచి ఊడి నేల మీద పడి ఉన్న స్ఫటికపు దిమ్మెను రెండు చేతులా ఎత్తి, సాగిన కడియం మీద మోదాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఇంకోసారి మోదేసరికి దిమ్మె చేతుల్లోనే పగిలింది, కడియమూ పగిలింది. ఊయల నేలమీద పడి రెండు చెక్కలైంది.

చెక్కల మధ్య ఒక పసికందు పడి ఉన్నాడు. బొడ్డు ఊడి వారమైనా కానట్టున్నాడు. సాగిన చెవులు తప్ప అతను ధూమకర్ణుడని చెప్పే గుర్తేమీ లేదు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

ప్రసేనుడు ముందుగా రాతి పళ్లెం దగ్గరికి పరుగెత్తాడు. బొచ్చు మొలిచిన కూనలు బొచ్చుతోనే ఉన్నాయి. అన్నిటికంటే చివర పుట్టిన ఒక కూన మాత్రం ఇంకా గులాబి రంగులో, కళ్లు మూసుకుని, తల్లి పొట్ట వెతుక్కుంటోంది. అతను చాలాసేపు దానినే చూశాడు. నూగు మొలవలేదు. కళ్లు తెరవలేదు.

"ఆగిపోయింది ఇందుమాలా! వీటికి బాల్యం తిరిగొచ్చింది."

ఆమె నవ్వబోయింది. అప్పుడే గోతుల వైపు నుంచి, జడివాన కొండ మీదికి వస్తున్నప్పటిలాంటి చప్పుడు వినిపించింది. మాంత్రికుడికి మంత్రాలు పోయాయి. గోతుల చుట్టూ ఉన్న పసుపు గీతలు ఇప్పుడు వట్టి పసుపు. ఎర్రతోకలు గట్లు దాటి నేల మీదికి పొంగుతున్నాయి. ఆకలి మీదున్నాయి.

జంగుడు అందరికంటే ముందు కదిలాడు. పెద్ద కేక పెట్టి గుహ వెనుక వైపుకు పారిపోయాడు.

"పంజరాలు!" అన్నాడు ప్రసేనుడు.

అతను గోడ వెంట పరుగెత్తుతూ పంజరాల గడియలు లాగసాగాడు. ఇందుమాల కుండలను ఒక్కొక్కటే కాలితో తన్ని పగలగొట్టింది. గుడ్లగూబలు మొదట బిత్తరపోయి పంజరాల అంచున కూర్చున్నాయి. తర్వాత ఒకటి రెక్కలు చాచి చీకట్లోకి జారింది. కిచకిచలు. ఆ వెంటనే మిగతావన్నీ. జెర్రిపోతులు బారులు తీరి గోతుల్లోకి దిగాయి. ముంగిసలు ఎవరి ఆజ్ఞకూ ఎదురుచూడలేదు.

"ఇవి సరిపోతాయా?" అని అరిచింది ఇందుమాల.

"ఇప్పటికిప్పుడు చాలవు! ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. కానీ ఇక నుంచి ఎలుక కూడా పెరిగేదాకా ఆగాలి. ఆ ఆగే కాలంలోనే గూబకు దొరుకుతుంది. మనం పోయి ముందు ఆ ధాన్యం చెదరగొట్టించాలి. ఊరూరా కొంచెం కొంచెంగా, ఉట్ల మీద, మూతలు పెట్టి. ఒక్కచోట గుట్ట ఉన్నంతకాలం ఏదీ నిలవదు!"

గుహద్వారం వైపు నేల కనిపించడం లేదు. అంతా ఎర్రతోకలే. ఇద్దరూ జంగుడు పోయిన వైపుకు తిరిగారు. నాలుగడుగులు వేశాక ఇందుమాల ఆగిపోయింది. వెనుక పగిలిన ఊయల చుట్టూ ఎలుకలు దగ్గరవుతున్నాయి. పసివాడి ఏడుపు వాటి కీచుగొంతుల్లో కలిసిపోతోంది.

ఆమె గట్టిగా ఏదో తిట్టుకుంది. వెనక్కు పరుగెత్తి, ఎలుకల మీదనుంచి దూకి, పసివాణ్ని ఒక చేత్తో ఎత్తుకుని తిరిగివచ్చింది. కాళ్ల నుంచి రక్తం కారుతోంది.

ప్రసేనుడు ఆమె వంక చూశాడు.

"ఏమీ అనకండి," అంది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, బిడ్డను వీపుకు బిగించి కట్టుకుంది. "పెరిగి మళ్లీ మాంత్రికుడైతే?"

"పెరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆలోగా ఏం నేర్పాలో ఆలోచించుకోవచ్చు."

గుహ వెనుక భాగం ఒక పెద్ద కిటికీలా తెరుచుకుని ఉంది. దాని అంచు నుంచి నిలువునా లోయ. గుహలోకి నీళ్ల కుండలు చేదుకోవడానికి కట్టిన లావుపాటి మోకు, చివర గంపతో, కింది నది దాకా వేలాడుతోంది. మోకు వెంట జారి గంపలోకి చేరిన జంగుడు గట్టు మీదికి దూకుతున్నాడు. ఇద్దరూ మోకు పట్టుకుని జారసాగారు. ప్రసేనుడు కింద, బిడ్డతో ఇందుమాల పైన. చేతుల చర్మం ఊడిపోతోంది. బిడ్డ ఏడుపు మానేసి, ఆమె జడ నోట్లో పెట్టుకున్నాడు.

సగం దూరం దిగారో లేదో, పైనుంచి ఎండిన నార పొడి వాళ్ల మొహాల మీద రాలింది. ఇందుమాల తలెత్తింది. కిటికీ అంచున ఎర్రతోకలు వరుసగా వేలాడుతున్నాయి. మోకును కొరుకుతున్నాయి.

"జంగుడూ!" అని కేకవేశాడు ప్రసేనుడు. "గంప పట్టుకో! ఇటు గట్టు వైపు లాగు!"

జంగుడు పైకి చూశాడు. మోకు వెంట దిగుతున్న ఎర్రటి తోకలను చూశాడు. మొలలోంచి కత్తి తీసి, "ఆటిని నా మీదికి దింపకండయ్యా!" అని ఏడుపు గొంతుతో అరుస్తూ, కింది చివర మోకును కోసి గంపను నదిలోకి తన్నేశాడు. గంప బరువు తప్పిన మోకు గాలికి అటూ ఇటూ ఊగి, ఇద్దరినీ కొండగోడకు విసిరికొట్టింది.

పైన ఒక పురి తెగింది. ఇంకో పురి తెగింది. ఇందుమాల ఒక చెయ్యి వెనక్కు పెట్టి బిడ్డ తలను అరచేత్తో కప్పింది.

"ఈత వచ్చా యువరాజా?"

"వచ్చు. నది లోతెంత?"

"తెలియదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోకు తెగేదాకా ఆగకుండా, ఒకేసారి చేతులు వదిలేశారు.